స్పోర్ట్స్ యాంకరింగ్‌లో ఆడపిల్లకి కెరీర్ ఉంటుందా? లక్షన్నర పెట్టి కోర్సు చేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: గుంటూరులో బీకాం ఆఖరి సంవత్సరం చదువుతున్నారు. యూనివర్సిటీ జట్టుకి ఖోఖో ఆడారు. క్రికెట్, కబడ్డీ వదలకుండా చూస్తారు. టీవీలో స్పోర్ట్స్ యాంకర్ కావాలని ఉంది. హైదరాబాద్‌లో ఒక సంస్థ ఆరు నెలల యాంకరింగ్ కోర్సుకి లక్షన్నర అడుగుతోంది. నాన్నగారేమో "అదంతా మొహం బాగున్నన్నాళ్ళే, ముప్పై దాటితే ఎవరు పిలుస్తారు" అంటున్నారు. చేరాలా, వద్దా?

కోర్సులో చేరకండి. కెరీర్ మాత్రం ఉంది. అయితే మీరు చూస్తున్న ఆ ఒక్క కుర్చీ మీదే ఆశ పెట్టుకుంటే మీ నాన్నగారి మాటే నిజమవుతుంది. యాంకర్‌గా లోపలికి వెళ్ళండి, తప్పు లేదు. కానీ వెళ్ళిన మొదటి ఏడాది నుంచే కామెంటరీలోనో, ప్రొడక్షన్‌లోనో రెండో కుర్చీ ఒకటి సిద్ధం చేసుకోవాలి. నాతో పాటు ఈ పనిలోకి వచ్చి ఇంకా ఇక్కడే ఉన్న ఆడవాళ్ళందరూ అలా చేసినవాళ్ళే.

నా సంగతి కూడా చెప్పాలి కదా. హైదరాబాద్‌లో ఒక తెలుగు న్యూస్ చానెల్ స్పోర్ట్స్ డెస్క్‌లో మొదలుపెట్టాను. ఏజెన్సీ కాపీలు తెలుగులో రాయడం, రాత్రి స్పోర్ట్స్ బులెటిన్ చదవడం. తర్వాత ముంబైలో మ్యాచ్‌ల తెలుగు ప్రసారం, అంటే తెలుగు ఫీడ్‌కి పనిచేశాను. ఇప్పుడు ఎక్కువగా తెర వెనకే, ప్రొడ్యూసర్‌గా. ఆడిషన్లకి వచ్చే అమ్మాయిల్ని చూసేది, ఎంపికలో నాలుగు మాటలు చెప్పేది నాలాంటివాళ్ళమే. కాబట్టి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తాను.

కుర్చీలు ఎన్ని ఉన్నాయో ముందు లెక్క వేసుకోండి. తెలుగులో లైవ్ క్రీడలు చూపించే చానెళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. స్టార్ స్పోర్ట్స్ తెలుగు చానెల్ వచ్చిందే 2018 చివర్లో. 2023లో ఐపీఎల్ డిజిటల్ హక్కులు జియోసినిమాకి వెళ్ళాయి, వాళ్ళు 12 భాషల్లో ఇచ్చారు. అప్పుడు ఒకే మ్యాచ్‌కి టీవీలో ఒక తెలుగు టీము, ఫోన్‌లో ఇంకో తెలుగు టీము. మాలాంటివాళ్ళకి అది మంచి కాలం, ఇటు కాకపోతే అటు. 2024 నవంబరులో ఆ రెండు సంస్థలూ కలిసిపోయాయి. 2025 ఫిబ్రవరికి యాప్‌లు కూడా జియోహాట్‌స్టార్ పేరుతో ఒకటయ్యాయి. పిలిచేవాళ్ళు ఇద్దరున్న చోట ఒక్కరే మిగిలారన్నమాట. పెద్ద సీజన్‌కి తెలుగు యాంకర్లు మహా అయితే నలుగురైదుగురు. ఆ నాలుగైదు కుర్చీల కోసం ఈ కోర్సులు నడిపేవాళ్ళు ఒక్కొక్కరూ బ్యాచ్‌కి ఎంతమందిని చేర్చుకుంటారో అడిగి చూడండి.

అదే సమయంలో ఒక్క మ్యాచ్‌కి ఆ యాంకర్ వెనక ఎంతమంది ఉంటారో బయటివాళ్ళకి తెలీదు. షో ప్రొడ్యూసర్, అసిస్టెంట్ ప్రొడ్యూసర్లు, స్క్రిప్టు రాసేవాళ్ళు, గణాంకాలు చూసేవాళ్ళు, గ్రాఫిక్స్‌లో తెలుగు తప్పులు పట్టేవాళ్ళు, ప్రోమోలకి గొంతు ఇచ్చేవాళ్ళు, సోషల్ మీడియాకి క్లిప్పులు కోసేవాళ్ళు. ఇక కామెంటరీ బాక్స్ సరేసరి. వీటిలో చాలా ఉద్యోగాలకి ఆటా, తెలుగూ రెండూ బాగా వచ్చినవాళ్ళు దొరక్క మేమే తల పట్టుకుంటాం. ఆట తెలిసినవాడికి తెలుగు రాయడం రాదు. తెలుగు చక్కగా రాసే పిల్లకి లెగ్ బైకీ బైకీ తేడా తెలీదు.

మా దగ్గర ఒకమ్మాయి గ్రాఫిక్స్‌లో ఆటగాళ్ళ పేర్లు సరిచూసే పనితో మొదలుపెట్టింది. కెమెరా ముందుకి రావాలన్న ఆశ ఆమెకీ ఉండేది. ఒక సీజన్‌లో, షో మధ్యలో ఒక మాజీ ఆటగాడు పాత మ్యాచ్ గురించి తప్పు చెప్పబోతుంటే, ఈ పిల్ల యాంకర్ చెవిలోకి వెళ్ళే టాక్‌బ్యాక్‌లో సరైన స్కోరు అందించమని ప్రొడ్యూసర్‌కి చీటీ రాసిచ్చింది. ఆ తర్వాత రీసెర్చ్ డెస్క్ ఆమెకే వచ్చింది. ఇప్పుడు ఆమె షో ప్రొడ్యూసర్. ఆమె వెళ్ళి "ఈ యాంకర్ వద్దు" అంటే వినే స్థాయి. పెళ్ళయింది, ఒక బాబు. మీ నాన్నగారు అడిగే ముప్పై దాటి కూడా చాలా కాలమైంది.

నాన్నగారి భయం ఊరికే పుట్టలేదు. 2003 వరల్డ్ కప్ మీరు చూసి ఉండరు. సెట్ మ్యాక్స్‌లో 'ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్' షోకి మందిరా బేడీని తెచ్చారు. ఆమె అప్పటికే సీరియల్ నటి. క్రికెట్ చూడని ఇంటిల్లిపాదినీ టీవీ ముందు కూర్చోబెట్టాలన్నది ఆ చానెల్ లెక్క. లెక్క ఫలించింది, కానీ చర్చంతా ఆమె బ్లౌజుల మీద, చీరల మీద నడిచింది. పక్కన కూర్చున్న మాజీ ఆటగాళ్ళు తన ప్రశ్నల్ని పట్టించుకునేవారు కాదని ఆమే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పింది. ఆ షోతో మన దేశంలో ఒక అచ్చు తయారైంది: ఆట మగవాళ్ళు చెప్తారు, ఆడమనిషి నవ్వుతూ అడుగుతుంది. తర్వాత చాలా ఏళ్ళు ఆడిషన్లన్నీ ఆ అచ్చుకి సరిపోయేవాళ్ళ కోసమే జరిగాయి. ఇప్పటికీ కొన్ని చోట్ల అంతే, దాచడం ఎందుకు.

కానీ ఆ అచ్చు పక్కనే ఇంకో దారి ఎప్పుడూ ఉంది. దానికి మూలం మనవాళ్ళ ఇంట్లోనే ఉందంటే చాలామంది నమ్మరు. భారత జట్టు మొదటి టెస్ట్ కెప్టెన్ సి.కె. నాయుడు నాగపూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన కూతురు చంద్ర నాయుడు ఇందోర్‌లో ఇంగ్లీషు లెక్చరర్. 1977లో ఇందోర్‌లో బాంబే జట్టు, ఎంసీసీ పేరుతో వచ్చిన ఇంగ్లండ్ జట్టు ఆడిన మ్యాచ్‌కి ఆమె కామెంటరీ చెప్పారు. దేశంలో మొదటి మహిళా క్రికెట్ కామెంటేటర్‌గా ఆమెనే చెప్పుకుంటారు. 2021లో పోయారు. మందిరా బేడీ షోకి పాతికేళ్ళ ముందే, అలంకారాలేవీ లేకుండా, ఆట తెలిసిన ఒక ఆడమనిషి మైకు ముందు కూర్చుందన్నమాట.

స్పోర్ట్స్ యాంకర్ మయంతి లాంగర్‌ని తీసుకోండి. ఆమె క్రికెట్‌తో మొదలుపెట్టలేదు, ఫుట్‌బాల్‌తో వచ్చింది. 2010 ఫుట్‌బాల్ వరల్డ్ కప్, అదే ఏడాది ఢిల్లీ కామన్వెల్త్ క్రీడలు, తర్వాతే 2011 క్రికెట్ వరల్డ్ కప్. 2020లో బాబు పుట్టాడు, ఆ సంవత్సరం ఐపీఎల్‌కి లేదు. 2023 ఐపీఎల్‌లో మళ్ళీ స్టార్ స్పోర్ట్స్‌లో కనిపించింది. ముప్పై దాటితే పిలవరన్న మాటకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. ఆమెని ఎందుకు పిలుస్తారో కూడా గమనించండి. ఇద్దరు మాజీ ఆటగాళ్ళు వాదించుకుంటుంటే వాళ్ళని ఆపి, మూడో మాటతో అసలు విషయానికి తెచ్చేస్తుంది. అది మేకప్‌తో వచ్చేది కాదు. తెలుగులో అయితే ఐపీఎల్, ప్రో కబడ్డీ షోలు చేసిన వింధ్య విశాఖ ఉంది. ఆమె షోలు వెతికి చూడండి, మొదటి సీజన్లకీ తర్వాతి వాటికీ ప్రశ్నలు ఎలా మారాయో మీకే తెలుస్తుంది.

కామెంటరీ వైపు 2015 ఐపీఎల్‌లో నలుగురు ఆడవాళ్ళు వచ్చారు: అంజుమ్ చోప్రా, ఈశా గుహా, లీసా స్థలేకర్, మెలనీ జోన్స్. నలుగురూ తమ దేశాలకి ఆడినవాళ్ళే. అది చూసి "మనం దేశానికి ఆడలేదు కదా" అని వెనక్కి తగ్గకండి. బాక్స్‌లో రెండు రకాల పనులున్నాయి. ఎందుకు జరిగిందో చెప్పే నిపుణుడి కుర్చీ ఒకటి, అది ఆడినవాళ్ళదే. ఏం జరిగిందో బంతి బంతికీ చెప్పే కుర్చీ ఇంకొకటి. దానికి గొంతూ, కన్నూ, మాటా చాలు. బీబీసీ రేడియోలో అలిసన్ మిచెల్ ఇంటర్నేషనల్ క్రికెట్ ఆడలేదు, రేడియో నుంచి ఎదిగింది. తెలుగులో ఆ రెండో కుర్చీలో ఆడగొంతు దాదాపు ఖాళీ. నా దృష్టిలో మీకున్న అసలు అవకాశం అదే.

తెలుగు కామెంటరీ ఎలా జరుగుతుందో కాస్త లోపలికి వెళ్ళి చూద్దాం. మ్యాచ్ ఉప్పల్‌లో జరుగుతున్నా, విశాఖలో జరుగుతున్నా, తెలుగు టీము చాలాసార్లు ముంబై స్టూడియోలోనే ఉంటుంది. గ్రౌండ్ నుంచి వచ్చే బొమ్మ మానిటర్ మీద చూస్తూ చెప్పాలి. ప్రేక్షకుడు ఏం చూస్తున్నాడో మీరూ అదే చూస్తారు, అంతకంటే ఒక్క అంగుళం ఎక్కువ కనపడదు. ఫీల్డింగ్ మార్చారా, డగౌట్‌లో ఎవరు ప్యాడ్లు కట్టుకుంటున్నారు, ఏదీ కనపడదు. కెమెరా బౌండరీ వైపు తిరిగేలోపు అక్కడ ఎవరు ఉండాలో మీకు తెలిసి ఉండాలి. అందుకే ఓవర్ మొదలయ్యేటప్పుడు ఫీల్డ్ గుర్తుపెట్టుకోవడం, కాగితం మీద చుక్కలు పెట్టుకోవడం అలవాటు చేసుకోవాలి.

రెండో చిక్కు మన వాక్యంతో. తెలుగులో క్రియ చివర వస్తుంది. "ఆఫ్ స్టంప్ బయట కాస్త పొట్టిగా పడ్డ బంతిని వెనక కాలు మీదకి జరిగి పాయింట్ పక్కగా బౌండరీకి తరలించాడు" అని పుస్తకంలో రాసినట్టు చెప్తే, మీరు "తరలించాడు" దగ్గరికి వచ్చేసరికి బంతి తాడు తగిలి వెనక్కి కూడా వచ్చేస్తుంది. లైవ్‌లో వాక్యాన్ని విరిచెయ్యాలి. "పొట్టి బంతి. కట్ చేశాడు. పాయింట్ పక్కనుంచి... దొరకదు, నాలుగు!" ఎక్కడ పడిందన్నది రీప్లేలో తీరిగ్గా చెప్పుకోవచ్చు. ఇది వినడానికి చిన్న విషయంలా ఉంటుంది, కానీ ఆడిషన్లో పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడే బంతి వెనక పరిగెత్తుతుంటారు.

కబడ్డీ ఇంకా కష్టం. రైడ్‌కి 30 సెకన్లు. ఆ 30 సెకన్లలో ఎవరు వెళ్ళారు, ఎదురుగా ఎంతమంది ఉన్నారు, ఇది పాయింట్ తేకపోతే రైడరే అవుటయ్యే డూ ఆర్ డై రైడా కాదా, ముగ్గురే మిగిలితే పట్టుకున్న జట్టుకి అదనపు పాయింట్ ఇచ్చే సూపర్ ట్యాకిల్ ప్రమాదం ఉందా, తేడా ఎంత, ఇవన్నీ రావాలి. రైడర్ కాలు దొరికిన క్షణాన మీ గొంతు పైకి లేవాలి. ముందు నుంచే అరుస్తుంటే అసలు సమయానికి అరవడానికి ఏమీ మిగలదు. ఆడగొంతు పైకి లేపితే కీచుగా వినిపిస్తుందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. దానికి మందు ఉంది. మామూలుగా మాట్లాడే స్థాయిని కొంచెం కిందకి దించుకోవడం, కడుపు నుంచి గాలి తీయడం. కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలకి ఇది తొందరగా వస్తుందని నేను గమనించాను. మీకు రాకపోయినా ఫర్వాలేదు, నేర్పే టీచర్లు ప్రతి ఊళ్ళో ఉన్నారు, లక్షన్నర అవ్వదు.

ఇక సినిమా డైలాగుల సంగతి. మన తెలుగు కామెంటరీలో సిక్స్ కొడితే ఒక పంచ్, వికెట్ పడితే ఒక పంచ్. మొదట్లో సరదాగానే ఉండేది. ఇప్పుడు ఓవర్‌కి రెండు పడుతుంటే జనం రిమోట్ తీసి ఇంగ్లీషుకి మార్చేస్తున్నారు. నా అభిప్రాయం అందరికీ నచ్చదని తెలుసు, కానీ పంచ్‌లు కంఠస్థం చేయడం మీద ఒక్క గంట కూడా పెట్టకండి.

యాంకర్ పనిలో అసలు పరీక్ష వాన పడ్డప్పుడు. స్క్రిప్టు ఉన్నంతసేపు ఎవరైనా చేస్తారు. చెవిలో ప్రొడ్యూసర్ లెక్క పెడుతుంటాడు, "ముప్పై సెకన్లు... పది... బ్రేక్", మీరు నవ్వుతూ ముగిస్తారు. అది ఒక నెలలో వస్తుంది. 2023 ఐపీఎల్ ఫైనల్ గుర్తుందా? అహ్మదాబాద్‌లో మే 28న వాన వల్ల ఒక్క బంతి కూడా పడలేదు. మర్నాడు రిజర్వ్ డే రోజు మళ్ళీ వాన పడి, చెన్నైకి 15 ఓవర్లలో 171 లక్ష్యమై, అర్ధరాత్రి దాటాక జడేజా చివరి రెండు బంతులకి సిక్స్, ఫోర్ కొట్టాడు. ఆ 28వ తేదీ రాత్రి తెలుగు షోలో మీరు కూర్చున్నారనుకోండి. బయట వాన. స్క్రిప్టు అయిపోయింది. ప్రొడ్యూసర్ "లాగు" అంటున్నాడు. ఏం మాట్లాడతారు?

సరిగ్గా ఆ రోజే అంబటి రాయుడు ఇదే తన చివరి ఐపీఎల్ మ్యాచ్ అని ప్రకటించాడు. మీ ఊరివాడే, గుంటూరు. పదహారేళ్ళ వయసులో 2002లో ఇంగ్లండ్ అండర్ 19 జట్టు మీద 177 నాటౌట్, 2004 అండర్ 19 వరల్డ్ కప్‌లో కెప్టెన్, మధ్యలో బీసీసీఐ ఒప్పుకోని లీగ్ ఐసీఎల్‌కి వెళ్ళి వెనక్కి రావడం, 2019 వరల్డ్ కప్ జట్టులో చోటు దక్కనప్పుడు వరల్డ్ కప్ చూడ్డానికి త్రీడీ కళ్ళద్దాలు ఆర్డర్ చేశానని పెట్టిన ఆ వెటకారపు ట్వీటు, ముంబైతో మూడు టైటిళ్ళు, చెన్నైతో అప్పటికి రెండు. ఇవి తలలో ఉన్న యాంకర్‌కి గంట సేపు వాన పడినా భయం లేదు, పక్కనున్న మాజీ ఆటగాడిని ఒక్కో మలుపు దగ్గర ఆపి అడుగుతూ పోవచ్చు. లేని యాంకర్ "వాన తగ్గుతుందంటారా సర్?" అని నాలుగోసారి అడుగుతుంది. అప్పుడు షోని నడిపించే కంట్రోల్ రూమ్, పీసీఆర్‌లో మేమందరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. తర్వాతి సీజన్‌కి ఎవరిని పిలవాలన్నది చాలాసార్లు అలాంటి రాత్రే తేలిపోతుంది.

"ఎలా అనిపించింది?" అన్న ప్రశ్న మానేయండి. గెలిచినవాడు బావుందంటాడు, ఓడినవాడు బాలేదంటాడు. "పదిహేనో ఓవర్లో స్పిన్నర్‌ని ఆపి పేసర్‌కి ఎందుకిచ్చారు?" అంటే అతను నిజంగా ఏదో ఒకటి చెప్పాలి.

లైవ్‌లో నోరు జారితే ఏమవుతుందో కూడా చూసుకోండి. 2024 డిసెంబరులో బ్రిస్బేన్ టెస్ట్‌లో ఈశా గుహా బుమ్రాని పొగుడుతూ వాడిన ఒక పదం జాతి కోణంలో తీవ్ర విమర్శలకి గురైంది. ఆమె ఉద్దేశం పొగడ్తే. అయినా మర్నాడు లైవ్‌లోనే క్షమాపణ చెప్పింది. అన్నేళ్ళ అనుభవం ఉన్న మనిషికే అలా జరిగింది. మన తెలుగులో కులం, రంగు, ప్రాంతం, ఒళ్ళు మీద సామెతలు చాలా ఉన్నాయి. ఇంట్లో నవ్వుకునేవి మైకు ముందు రాకూడదు.

డబ్బు, భద్రత. ఈ పని ఎక్కువగా సీజన్ల ప్రకారం, రోజు లెక్కన ఇచ్చే ఫీజుతో నడుస్తుంది. ఐపీఎల్ ఉన్న రెండు నెలలు ఊపిరాడదు, తర్వాత కబడ్డీ వచ్చేదాకా ఫోన్ మోగదు. 10 శాతం పన్ను (టీడీఎస్) ముందే కోసుకుని ఇస్తారు, అది కూడా ఆలస్యంగా. మొదటి రెండు మూడేళ్ళు ఒక్క సీజన్ సంపాదనతో సంవత్సరమంతా హైదరాబాద్‌లోనో ముంబైలోనో అద్దె కట్టడం కష్టం. అందుకే అందరూ ప్రకటనలకి గొంతు ఇవ్వడం, డబ్బింగ్, కార్పొరేట్ ఈవెంట్లు, ఏదో ఒకటి పక్కన పెట్టుకుంటారు. ప్రొడక్షన్ వైపు నెల జీతం ఉద్యోగాలు దొరుకుతాయి, నేను అటు జరగడానికి అదీ ఒక కారణమే. బీకాం చదివారు కాబట్టి ఇన్‌వాయిస్, రిటర్నులు మీకు తలనొప్పి కాదు, మా వాళ్ళలో సగం మందికి అవే టెన్షన్.

ట్రోలింగ్ ఉంటుంది. మగ కామెంటేటర్ తప్పు చెప్తే తప్పు గురించి తిడతారు, ఆడమనిషి తప్పు చెప్తే ఆమె బట్టల గురించి తిడతారు. మ్యాచ్ ఉన్న రోజు ఫోన్‌లో కామెంట్లు చదవకూడదని మా టీములో అమ్మాయిలకి ముందే చెప్తాను. ఆటగాళ్ళ వైపు నుంచీ ఇబ్బంది రావచ్చు. 2016 జనవరిలో ఆస్ట్రేలియాలో వెస్టిండీస్ ఆటగాడు క్రిస్ గేల్ లైవ్ ఇంటర్వ్యూలో రిపోర్టర్ మెల్ మెక్‌లాఫ్లిన్‌ని డ్రింక్‌కి రమ్మని, సిగ్గుపడకు అని మాట్లాడితే అతని జట్టు 10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. లైవ్‌లో జరిగింది కాబట్టి లోకం చూసింది. కెమెరా లేనప్పుడు జరిగేదానికి మీ దగ్గర చట్టం ఉంది. పని చోట లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువ పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయితే జిల్లా స్థాయి కమిటీకి వెళ్ళొచ్చు. కాంట్రాక్టు మీద ఉన్నవాళ్ళకీ, ట్రైనీలకీ కూడా అది వర్తిస్తుంది. "మీరు ఫ్రీలాన్సర్ కదా" అని ఎవరైనా అంటే నమ్మకండి.

రాత్రి మ్యాచ్ పన్నెండుకి అయితే షో ముగిసి బయటపడేసరికి ఒంటిగంట. కంపెనీ క్యాబ్ ఇస్తుందా లేదా అన్నది కాంట్రాక్టు సంతకం చేసేముందే అడగండి, మొహమాటపడొద్దు. స్క్రీన్ టెస్ట్‌కి డబ్బులడిగేవాళ్ళు, ఆడిషన్ హోటల్ గదిలో పెట్టేవాళ్ళు, పోర్ట్‌ఫోలియో ఫలానా ఫొటోగ్రాఫర్ దగ్గరే తీయించుకోవాలనేవాళ్ళు, ఈ ముగ్గురి నంబర్లు అప్పుడే బ్లాక్ చేసేయండి. అసలు చానెల్ ఆడిషన్‌కి మీ చేతి నుంచి రూపాయి ఖర్చు ఉండదు, దారిఖర్చు తప్ప.

సరే, కోర్సు వద్దంటే మరి ఏం చేయాలి?

ముందు మీ చేతిలో ఉన్నది చూసుకోండి. ఖోఖో! మీరు దాన్ని ప్రశ్నలో ఒక్క ముక్కలో తేల్చేశారు, నాకైతే అక్కడే కన్ను ఆగింది. క్రికెట్ గురించి మాట్లాడగలిగేవాళ్ళు వీధికి పదిమంది. 2022లో అల్టిమేట్ ఖోఖో లీగ్ మొదలైంది, మొదటి సీజన్ ఫైనల్లో తెలుగు యోధాస్ ఒక్క పాయింట్ తేడాతో ఓడింది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో వరల్డ్ కప్ జరిగింది, మన ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఇద్దరూ గెలిచారు. ముగ్గురు డిఫెండర్ల బ్యాచ్‌లో ఎవరు ముందు అలసిపోతారో, ఛేజర్ ఎప్పుడు స్తంభం పట్టుకుని దూకే పోల్ డైవ్‌కి వెళ్తాడో, ఖో ఇచ్చేటప్పుడు ఫౌల్ ఎక్కడ జరుగుతుందో మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడినవాళ్ళకే తెలుస్తుంది. అది తెలుగులో గలగలా చెప్పగలిగే అమ్మాయి కావాలంటే నేను ఎవరిని పిలవాలో నాకే తెలీదు. చిన్న ఆటతో లోపలికి వచ్చి పెద్ద ఆటకి వెళ్ళడం సులువు. మయంతి ఫుట్‌బాల్‌తో వచ్చిందని చెప్పింది అందుకే.

మహిళా క్రికెట్ కూడా పట్టుకోండి. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మనవాళ్ళు వరల్డ్ కప్ గెలిచారు, ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి ఉంది, హైదరాబాద్ నుంచి అరుంధతి రెడ్డి ఉంది. కొన్ని మ్యాచ్‌లు విశాఖలోనే జరిగాయి. ఇకమీదట ఆడవాళ్ళ మ్యాచ్‌లకి ఆడగొంతు కావాలని అడగడం పెరుగుతుందే తప్ప తగ్గదు. దేశవాళీ మహిళా మ్యాచ్‌ల స్కోరుకార్డులు ఇప్పటినుంచే చదవడం మొదలుపెట్టినవాళ్ళు ముందుంటారు.

రూల్సు పుస్తకం ఒకసారి ఆసాంతం చదవండి. రాజమండ్రిలో పుట్టిన జి.ఎస్. లక్ష్మి 2019లో ఐసీసీ మొదటి మహిళా మ్యాచ్ రెఫరీ అయ్యారు. ఆమెది బ్రాడ్‌కాస్టింగ్ కాదు, నిజమే. కానీ రూల్ తెలిసిన ఆడమనిషి మాట మీద మగ జట్లు నడుచుకుంటాయని ఆమె చూపించారు. కామెంటరీ బాక్స్‌లోనూ డీఆర్‌ఎస్ వచ్చినప్పుడు రూల్ తెలిసినవాళ్ళ మాటే నిలుస్తుంది.

రోజూ చేయాల్సిన సాధన ఒక్కటే చెప్తాను. టీవీ మ్యూట్ చేసి ఐదు ఓవర్లకి కామెంటరీ చెప్పి ఫోన్‌లో రికార్డు చేయండి. వెంటనే వినకండి, మర్నాడు బొమ్మ లేకుండా వినండి. కళ్ళు మూసుకుంటే ఆట కనపడుతోందా? స్కోరు ఎన్నిసార్లు చెప్పారు? "చూస్తున్నాం", "చెప్పుకోవచ్చు" లాంటి ఊతపదాలు ఎన్ని? వాటిని ఒక్కొక్కటే తీసేయండి. పొద్దున పేపర్ స్పోర్ట్స్ పేజీ పైకి చదవండి, ల, ళ, ణ, న, శ, ష తేడాలు తెలిసేలా. మీ గుంటూరు యాస మార్చుకోనక్కర్లేదు, స్పష్టత ఉంటే చాలు. యాస పోగొడతామని చెప్పే కోర్సులంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంట.

హిందీ నేర్చుకోండి. దీన్ని ఎవరూ చెప్పరు. మీరు తెలుగులో మాట్లాడినా పీసీఆర్‌లో మీ చెవిలోకి వచ్చేది హిందీ, ఇంగ్లీషు. డైరెక్టర్ హిందీలో అరిచింది అర్థం కాక బిత్తరపోయిన మంచి మంచి పిల్లల్ని చూశాను.

లోపలికి రావడానికి దారులు: ఆకాశవాణి కేంద్రాలు అప్పుడప్పుడు క్యాజువల్ అనౌన్సర్ల కోసం ప్రకటన ఇచ్చి రాతపరీక్ష, ఆడిషన్ పెడతాయి. విజయవాడ మీకు దగ్గరే. మైకు ముందు క్రమశిక్షణ రేడియో నేర్పినట్టు ఇంకేదీ నేర్పదు. న్యూస్ చానెళ్ళ, వెబ్‌సైట్ల స్పోర్ట్స్ డెస్కుల్లో సబ్ ఎడిటర్ ఉద్యోగాలు ఎప్పుడూ ఉంటాయి. జీతం తక్కువే, కానీ రోజూ రాయిస్తారు. చదవాలనే ఉంటే ఉస్మానియాలోనో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనో జర్నలిజం పీజీ ఉంది. ఈనాడు జర్నలిజం స్కూల్ లాంటి చోట శిక్షణ కాలంలో వాళ్ళే భృతి ఇస్తారు. వాళ్ళు ఎదురు డబ్బిచ్చి నేర్పుతుంటే మీరు లక్షన్నర కట్టి నేర్చుకోవడం ఎందుకు? అందులో పది పదిహేను వేలు పెట్టి మంచి మైకు, ట్రైపాడ్ కొనుక్కోండి. జిల్లాలో జరిగే ఖోఖో, కబడ్డీ పోటీలకి వెళ్ళి, నిర్వాహకులని అడిగి, యూట్యూబ్ లైవ్‌కి కామెంటరీ చెప్పండి. చాలా ఊళ్ళలో సంక్రాంతికి కబడ్డీ పోటీలు లైవ్ ఇస్తున్నారు, మైకు పట్టుకునేది ఎవరో ఒక పెద్దాయన, మూడు గంటలకి గొంతు పోతుంది. మీరు వెళ్ళి నిలబడితే ఎవరూ కాదనరు.

మీ నాన్నగారితో వాదించకండి. ఒక రోజు మ్యాచ్ పెట్టి, సౌండ్ తీసేసి, ఆయన పక్కన కూర్చుని మీరే కామెంటరీ చెప్పండి. ఆయన ఆటలో పడి మీరు చెప్తున్నారన్న సంగతి మర్చిపోతే పని అయినట్టే. మధ్యలో ఆపి "అది ఎల్బీ ఎలా అవుతుందే" అని దెబ్బలాడితే ఇంకా మంచిది.

డిగ్రీ మాత్రం పూర్తి చేయండి, సబ్జెక్టులు మిగుల్చుకోకండి. ఈలోగా ఒక ఖోఖో మ్యాచ్‌కి పది నిమిషాల కామెంటరీ రికార్డు చేసి నాకు మెసేజ్‌లో పంపండి, విని ఏం బావుందో ఏం బాలేదో చెప్తాను. ఆడియో ఒక్కటే పంపండి, ఫొటోలు వద్దు.